తీరిక వేళ: ఇంట్లో ఒక తపాలా కచేరి

ఈ శీర్షికలో ఇంతవరకు మన టౌన్‌షిప్‌లోని గులాబీ తోటల గూర్చి, తపాలా బిళ్ళల సేకరణ గూర్చి, చదరంగం ఆటగాళ్ళ గూర్చి వ్రాస్తూ వచ్చాము. ఇతరుల అభిరుచులను గూర్చి వ్రాయడం సులభం. ఈ పర్యాయం మా సొంత వ్యాపకాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము. గత పధ్నాలుగు సంవత్సరాలుగా మేము మా ఇంటివారి కోసమూ, మరి ఆరు కుటుంబాల కోసమూ ఒక చిన్న ఈమెయిల్ సర్వరును స్వయంగా నడుపుతున్నాము. దీనికి మా ఇంట్లో పెట్టిన పేరు "జీతం లేని పోస్టుమాస్టరు ఉద్యోగం".

ఉచితంగా ఈమెయిల్ సౌకర్యం లభిస్తుండగా ఈ శ్రమ ఎందుకని మిత్రులు అడుగుతుంటారు. మన పెద్దలలో కొందరు విడిభాగాలు కొని తెచ్చి రేడియోలు బిగించేవారు. అంగడిలో రేడియో దొరకక కాదు. పాట ఎక్కడినుంచి ఏ తీగ గుండా వస్తున్నదో తెలుసుకోవాలన్న కుతూహలం వారిది. మాదీ అటువంటి కుతూహలమే. అయితే రేడియో చెడిపోతే పాట ఆగుతుంది, అంతే. ఇతరుల ఉత్తరాలు చేతిలోకి తీసుకున్న తరువాత సంగతి వేరని మాకు కొంత ఆలస్యంగా తెలిసివచ్చింది. ఆ అనుభవాన్ని చెప్పడానికే ఈ వ్యాసం.

పూర్వ కథ

ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు నెట్‌వర్కు ద్వారా ఉత్తరం పంపే ఏర్పాటును 1971లో అమెరికాలో రే టామ్లిన్‌సన్ అనే ఇంజనీరు చేశారు. పేరుకూ, యంత్రానికీ నడుమ నేడు మనమంతా వాడే "ఎట్" గుర్తును ఎంచుకున్నది ఆయనే. 1982లో జాన్ పోస్టెల్ ఈ ఉత్తరాల బట్వాడాకు ఒక నియమావళిని రచించారు. దాని పేరు ఎస్.ఎం.టి.పి. కొన్ని సవరణలతో నేటికీ ప్రపంచమంతా అదే అమలులో ఉన్నది.

మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ ప్రజలకు ఇంటర్నెట్ సేవలను ప్రారంభించింది. ఆ తొలి రోజులలో మోడెం కూతలు విని, నల్లని తెరపై పైన్ అనే సాధనంతో ఉత్తరాలు చదివిన వారిలో మేమూ ఉన్నాము. అప్పట్లో ఉత్తరాలలో తెలుగు లిపికి చోటు లేదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేర ప్రచారంలోకి వచ్చిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో, రోమను అక్షరాలతోనే తెలుగును వ్రాసుకునేవారు. విదేశాలలోని తెలుగు విద్యార్థులు తమలో తాము మాట్లాడుకున్నది చాలాకాలం ఆ లిపిలోనే.

నేడు యూనికోడ్ పుణ్యమా అని ఆ అవస్థ తీరింది. అయినా తెర వెనుక జరిగేది తెలుసుకుంటే ముచ్చటగా ఉంటుంది. "నమస్తే" అన్న మాటలో యూనికోడ్ లెక్కన ఆరు గుర్తులున్నవి. న, మ, స, పొల్లు, త, ఏత్వం. యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు మూడు బైట్ల చొప్పున మొత్తం పద్ధెనిమిది బైట్లు. ఈమెయిల్ పుట్టిననాటి నియమాలు ఆంగ్లాక్షరాలను దృష్టిలో పెట్టుకొని ఏర్పడినవి గనుక, ఉత్తరపు విషయ పంక్తిలో ఈ మాటను ఉంచాలంటే బేస్-64 అనే మారువేషం వేయవలసి వస్తుంది. మూడు బైట్లకు నాలుగు అక్షరాల లెక్కన ఆ పద్ధెనిమిది, ఇరవై నాలుగు అవుతాయి. అవతలివైపు సాధనం ఆ వేషం విప్పి మళ్ళీ "నమస్తే" అని చూపుతుంది.

అలంకరణలో ఆనందం

ఈ వ్యాపకంలో మొదటి మెట్టు ఉత్తరాలు చదివే సాధనాన్ని మన ఇష్టానికి తీర్చుకోవడం. మేము మట్ అనే సాధనాన్ని ఎంచుకున్నాము. 1995లో మైకేల్ ఎల్కిన్స్ దీనిని రూపొందించారు. మౌస్ అక్కర లేదు. ఒక అమరికల ఫైలులో మనం వ్రాసుకున్న ప్రకారం అది నడుచుకుంటుంది. పెద్దల ఉత్తరాలు ఒక రంగులో, పిల్లల ఉత్తరాలు మరొక రంగులో కనబడేటట్లు చేసుకున్నాము. బంధువులకు వ్రాసేటప్పుడు చివర తెలుగులో సంతకం, ఇతరులకు ఆంగ్లంలో సంతకం దానంతట అదే చేరేటట్లు అమర్చుకున్నాము. ఈ చిన్న ముచ్చటలకు ఎన్ని ఆదివారాలు ఖర్చయినవో లెక్క చెప్పడానికి సిగ్గుపడుతున్నాము. ఇంత చేసినా, నల్ల తెరపై తెలుగు ఒత్తులు తమ అక్షరాలను విడిచి పక్కకు జరిగి నిలబడేవి. తెలుగు ఉత్తరాలు చదవడానికి చివరకు థండర్‌బర్డ్‌ను కూడా పక్కన పెట్టుకున్నాము.

రెండవ మెట్టు సర్వరు. ఉత్తరాలను పుచ్చుకుని పంపేందుకు పోస్ట్‌ఫిక్స్, వాటిని పెట్టెలలో భద్రపరచి అడిగినవారికి చూపేందుకు డవ్‌కాట్. మొదటిది 1998లో వీట్స వెనెమా, రెండవది 2002లో టిమో సిరాయినెన్ లోకానికి అందించినవి. రెండూ ఉచితం. ఇంట్లోనే ఒక యంత్రం పెట్టి నడపాలని మొదట ఉబలాటపడ్డాము. కానీ ఇళ్ళకు ఇచ్చే కనెక్షన్లలో చిరునామా తరచు మారుతుంటుంది. ఉత్తరాలు పోయే 25వ నంబరు ద్వారాన్ని చాలాచోట్ల మూసి ఉంచుతారు. అందువల్ల నెలసరి అద్దెకు ఒక చిన్న సర్వరును తీసుకున్నాము.

ఆపై నమ్మకం సంపాదించుకోవాలి. మన పేరుతో ఉత్తరాలు పంపడానికి ఏ యంత్రాలకు అధికారమున్నదో ప్రకటించే జాబితా ఎస్.పి.ఎఫ్. ప్రతి ఉత్తరం పైనా వేసే ముద్ర డి.కె.ఐ.ఎం.; ముద్ర వేసే తాళం మన వద్ద రహస్యంగా ఉంటుంది, సరిచూసే తాళం అందరికీ అందుబాటులో ఉంటుంది. ఈ పరీక్షలలో తప్పిన ఉత్తరాన్ని ఏమి చేయాలో అవతలివారికి మనం ముందుగా చెప్పి ఉంచేది డిమార్క్. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ సంస్థ తన జీమెయిల్ వాడకందారులకు ఉత్తరాలు పంపే వారందరూ మొదటి రెండింటిలో కనీసం ఒకటి, దినానికి అయిదు వేలకు మించి పంపేవారు మూడూ పాటించాలని నియమం పెట్టింది. మా వంటి చిన్నవారు మూడూ పాటించడమే మేలు. లేకుంటే ఉత్తరం వెళ్ళినట్లే ఉంటుంది గాని, అవతల చెత్త పెట్టెలో పడి ఉంటుంది.

ఉత్సాహం పట్టలేక ప్రోసొడీ అనే సాధనంతో ఇంటిల్లపాదికీ ఒక సందేశాల సర్వరు కూడా ఏర్పాటు చేశాము. చిరునామా కూడా ఈమెయిల్ చిరునామా వలెనే ఉంటుంది. ఇంటివారు రెండు వారాలు మా మొహమాటానికి వాడి, మూడవ వారం వాట్సాప్‌కు తిరిగి వెళ్ళారు. ఆ వాట్సాప్ సర్వరు సైతం తొలినాళ్ళలో ఈజబ్బర్డీ అనే ఇటువంటి స్వేచ్ఛా సాధనం పునాదిపైనే లేచిందని మేము ఉపన్యసించాము. విన్నవారు లేరు.

"250" అన్న మాట

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాము. రెండు సర్వర్లు ఉత్తరం ఇచ్చిపుచ్చుకునేటప్పుడు మనుషులు మాట్లాడుకున్నట్లే మాట్లాడుకుంటాయి. వచ్చిన సర్వరు మొదట తన పేరు చెబుతుంది, తరువాత ఉత్తరం ఎవరి నుంచో, ఎవరికో చెబుతుంది, ఆపై ఉత్తరం అందిస్తుంది. ప్రతి మాటకూ మన సర్వరు మూడంకెల సంఖ్యతో జవాబిస్తుంది. నాలుగుతో మొదలైతే "ఇప్పుడు కాదు, మళ్ళీ రండి" అని అర్థం. అయిదుతో మొదలైతే "పుచ్చుకోము" అని. ఉత్తరం పూర్తిగా అందిన తరువాత "250" అంటే "అందినది, ఇక పూచీ మాది" అని. నియమావళి ప్రకారం, ఆ మాట అన్న సర్వరు ఆ ఉత్తరాన్ని చేర్చి తీరాలి, లేదా చేర్చలేకపోయానని పంపినవారికి తెలియజేయాలి. షిఫ్టు మారేటప్పుడు రిజిష్టరులో చేసే సంతకం వంటిది అది. సంతకం చేసిన తరువాత జరిగినదానికి పాత షిఫ్టు వారిని అడగరు.

చెత్త ఉత్తరాల బెడద ఎక్కువైన ఒక వేసవిలో మేము జల్లెడ నియమాలు వ్రాయడం మొదలుపెట్టాము. ఇందుకు సీవ్ అనే చిన్న భాష ఉన్నది. ఆంగ్లంలో ఆ మాటకు జల్లెడ అనే అర్థం. అందులో "ఫైల్‌ఇన్‌టు" అంటే ఫలానా పెట్టెలో వేయమని. "డిస్కార్డ్" అంటే చప్పుడు చేయకుండా పారవేయమని. ముందు పరిచయం లేని చోటునుంచి జిప్ ఫైలు జతపరచి వచ్చే ఉత్తరాలలో వైరసులు ఉంటున్నవి. అటువంటివన్నీ పారవేయమని ఒక ఆదివారం మధ్యాహ్నం అయిదు పంక్తులు వ్రాశాము. ఆనాటినుంచి చెత్త తగ్గింది. మా తెలివికి మేమే మురిసిపోయాము.

మా సర్వరులో పెట్టె ఉన్నవారిలో ఒకరు స్టోర్సు విభాగంలో మాకు పై అధికారిగా పనిచేసి, పదవీ విరమణ చేసిన పెద్దలు. ఆ సంవత్సరమే వారి శ్రీమతిగారికి మెడ వద్ద గడ్డ కనబడగా, బయాప్సీ చేయించారు. నివేదికను ఈమెయిల్‌లో పంపుతామని పరీక్షా కేంద్రంవారు చెప్పారు. చెప్పిన రోజుకు నివేదిక రాలేదు. ఆ మరునాడూ రాలేదు. ఆయన మాకు ఫోను చేసి, "బాబూ, నాకు రావలసిన ఉత్తరం ఒకటి ఎక్కడైనా ఆగిందేమో చూస్తావా?" అని అడిగారు. ఏ ఉత్తరమో చెప్పలేదు. మేమూ అడగలేదు. "లేదండీ, వస్తే మీకే కనబడుతుంది. అవతలివారు పంపి ఉండరు" అని అక్కడికక్కడే జవాబిచ్చాము. లాగు ఫైలు తెరిచి చూడలేదు.

మరి రెండు రోజులు గడిచినవి. మా మాట నమ్మి ఆయన ఎదురుచూశారు. ఆలస్యమవుతున్న కొద్దీ అది చెడ్డ వార్తేనని, నోటితో చెప్పలేక జాప్యం చేస్తున్నారని ఆ దంపతులు తలపోశారట. చివరికి ఆయన కుమారుడు బెంగుళూరు నుంచి పరీక్షా కేంద్రానికి ఫోను చేయగా, "నాలుగు రోజుల క్రితమే పంపాము, మీ సర్వరు అందినదని కూడా చెప్పింది" అన్నారు. అది విన్న రాత్రి మేము లాగు ఫైలు తెరిచాము. అందులో అంతా సక్రమంగా ఉన్నది. ఉత్తరం ఉదయం పదకొండు దాటిన తరువాత వచ్చింది. మా సర్వరు "250" అన్నది. ఆ వెంటనే, నియమం ప్రకారం ఉత్తరం పారవేయబడినదన్న అర్థంలో ఒక పంక్తి. నివేదిక, స్కానింగు చిత్రాలు కలిపి జిప్ ఫైలుగా పంపారు వారు. యంత్రం తప్పు చేయలేదు. మేము వ్రాసినదే చేసింది.

నివేదికను మళ్ళీ పంపించుకున్నారు. శస్త్రచికిత్సకు అనుకున్న తేదీ దాటిపోయి, మరొక వారం తరువాతి తేదీ దొరికింది. ఆ ఆలస్యం వల్ల ప్రమాదమేమీ లేదని వైద్యులు అన్నారు. ఆమె ఈనాడు ఆరోగ్యంగా ఉన్నారు. అయినా, ఆ రోజులలో ఆ ఇంట్లో ఎవరూ కంటినిండా నిద్రపోలేదన్న సంగతిని తేలికగా తీసుకోలేకపోయాము.

మేము వారి ఇంటికి వెళ్ళి జరిగినదంతా చెప్పి, క్షమించమని వేడుకున్నాము. ఆయన కోపగించుకోలేదు. "డిస్కార్డ్", "250" వంటి మాటలు ఓపికగా విని, "స్టోర్సులో సరుకు దించుకుని రశీదు ఇచ్చాక సరుకు కనబడకపోతే పూచీ ఎవరిది బాబూ? రశీదు ఇచ్చినవాడిదే కదా. అక్కరలేని సరుకైతే గేటు దగ్గరే తిప్పి పంపాలి" అన్నారు. నియమావళిలో ఉన్నదే ఆయన ముప్ఫయి సంవత్సరాల ఉద్యోగంలో నేర్చుకున్నారు. మేము దానిని చదివి కూడా నేర్చుకోలేదు. లోపలినుంచి అమ్మగారు కాఫీ పంపారు. అది తాగడం మాకు కష్టమైంది.

ఆనాటి నుంచి పాటిస్తున్నవి

ఈ వ్యాపకంలో దిగదలచిన సోదర ఉద్యోగులకు ఉపకరిస్తుందని, తరువాత మేము ఏర్పరచుకున్న కట్టుబాట్లను ఇక్కడ పొందుపరుస్తున్నాము.

మొదటిది, పుచ్చుకున్న ఉత్తరాన్ని ఎన్నటికీ పారవేయరాదు. అనుమానం కలిగినవాటిని "పరిశీలనకు" అన్న పెట్టెలో వేసి తొంబై రోజులు ఉంచుతున్నాము. ప్రతి ఆదివారం ఉదయం ఆ పెట్టెలోని ఉత్తరాల జాబితా ఎవరిది వారికి చేరుతుంది. నిశ్చయంగా చెడ్డదని తెలిసినదానిని గుమ్మం దగ్గరే, అయిదుతో మొదలయ్యే సంఖ్యతో తిప్పి పంపుతున్నాము. అప్పుడు పంపినవారు నిజాయితీపరులైతే, ఉత్తరం చేరలేదన్న సంగతి వారికి తెలుస్తుంది.

రెండవది, లాగు ఫైలు చూడకుండా ఎవరికీ జవాబు చెప్పరాదు. "రాలేదు" అన్న మాట సులభంగా నోటికి వస్తుంది. ఆ మాటపై ఆధారపడి మరొకరు రెండు రోజులు ఎదురుచూస్తారని మరువరాదు.

మూడవది, ఒక పర్యాయం ఒక మార్పే చేయాలి. దానిని తేదీతో సహా రిజిష్టరులో వ్రాయాలి. కొత్త నియమమేదైనా మొదటి నెల మా సొంత పెట్టెపైనే నడుపుతున్నాము. నష్టమైతే మాకే కావాలి.

నాలుగవది, ప్రతిరాత్రీ ఉత్తరాల నకలు మరొక చోటికి వెళ్ళవలసిందే. డవ్‌కాట్ వాడే మెయిల్‌డిర్ పద్ధతిలో ఒక్కొక్క ఉత్తరం ఒక్కొక్క ఫైలు గనుక నకలు తీయడం సులభం. కానీ నకలు ఉన్నదనుకోవడం వేరు, దాని నుంచి ఉత్తరాన్ని తిరిగి తీయగలగడం వేరు. మూడు నెలలకొకసారి ఒక పెట్టెను తిరిగి నిలబెట్టి చూసుకుంటున్నాము. మొదటిసారి చూసినప్పుడు సగం పెట్టెలు ఖాళీగా వచ్చినవని ఒప్పుకుంటున్నాము.

అయిదవది, సర్వరు నడిపేవారు తలచుకుంటే అందరి ఉత్తరాలూ చదవగలరు. ఇది చాలామంది వాడకందారులకు తెలియదు. మేము ప్రతి కుటుంబానికీ ఈ సంగతి ముఖాముఖి చెప్పాము. లాగు ఫైలులో పంపినవారు, అందుకున్నవారు, వేళ, పరిమాణం తెలుస్తాయి. అంతకు మించి తెరవవలసి వస్తే ఆ పెట్టె యజమానిని పక్కన కూర్చోబెట్టుకునే తెరుస్తాము.

ఆరవది, మా తరువాత ఎవరన్న ప్రశ్న. డొమైన్ పేరు గడువు తేదీ, సర్వరు అద్దె చెల్లించే విధానం, సర్వరును మూసివేయవలసి వస్తే ఎవరెవరికి ముందుగా చెప్పాలో ఒక నోటుపుస్తకంలో తెలుగులో వ్రాసి, ఇంటి దస్తావేజులతో పాటు బీరువాలో ఉంచాము. అది చదివి మా అమ్మాయి, "ఇది వీలునామాలా ఉంది నాన్నా" అన్నది. కొంతవరకు నిజమే.

ఇవన్నీ ఇంటి వద్ద, సొంత ఖర్చుతో, సొంత వేళలో చేసుకోవలసినవని వేరుగా చెప్పనక్కర లేదు. సంస్థ కంప్యూటర్లపై, సంస్థ నెట్‌వర్కుపై ఇటువంటి ప్రయోగాలు ఎంతమాత్రం తగవు. కొత్తగా మొదలుపెట్టేవారు తమ చిరునామాను గాని, బ్యాంకు, పింఛను, ఆదాయపు పన్ను, ఆసుపత్రి ఉత్తరాలను గాని అభిరుచి సర్వరుపైకి మార్చరాదు. ఒక సంవత్సరం పాటు ముచ్చట ఉత్తరాలతో నడిపి చూడాలి. లాగు ఫైలు చదవడం వార్తాపత్రిక చదివినంత అలవాటైన తరువాతే ఇతరులకు పెట్టెలు ఇవ్వాలి.

ఆ సంఘటన జరిగిన నెలలోనే మేము ఆరు కుటుంబాలవారినీ కలిసి, ముఖ్యమైన ఉత్తరాలకు పెద్ద సంస్థల సేవలను వాడుకొమ్మని సలహా ఇచ్చాము. అయిదు కుటుంబాలు అలాగే చేసి, మా వద్ద పెట్టెను బంధుమిత్రుల ఉత్తరాలకు ఉంచుకున్నవి. స్టోర్సు పెద్దలు మాత్రం ఆసుపత్రి ఉత్తరాలకు వేరే చిరునామా తీసుకొని, మిగిలినవన్నీ ఇక్కడికే రప్పించుకుంటున్నారు. "ఒకసారి దెబ్బతిన్న గుమాస్తా లెక్క తప్పడు" అన్నది ఆయన వాదన. అది మాపై ఉంచిన నమ్మకమో, అప్పగించిన శిక్షో నేటికీ తేల్చుకోలేకపోతున్నాము.

నియమావళిలో మరొక నిబంధన ఉన్నది. ఉత్తరాలు పుచ్చుకునే ప్రతి డొమైన్‌లోనూ "పోస్టుమాస్టర్" అన్న చిరునామా పనిచేస్తూ ఉండాలి. దానికి వచ్చే ఉత్తరాలను తిప్పి పంపరాదు. ఆ చిరునామాకు ప్రతినెలా ఒకటో తేదీ ఉదయం, పింఛను పడిన మరునాడు, ఆ పెద్దలు ఒక ఉత్తరం వ్రాస్తారు. అందులో ఒకే మాట ఉంటుంది: "చేరినదా?"

మేము ముందుగా లాగు ఫైలు తెరిచి, పెట్టె తెరిచి, అప్పుడు జవాబు వ్రాస్తాము. "చేరినది."